కిలోమీటరు ఖరీదు: సొంత కారు పద్దుకు వందేళ్ల చరిత్ర

సొంత కారు ఉన్న కుటుంబాల్లో బండి ఖర్చు అనగానే పెట్రోలు ఖర్చునే లెక్కపెట్టే అలవాటు మూడు తరాలుగా స్థిరపడి ఉంది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో తెలిస్తే కారు భారం తెలిసినట్టేనన్న నమ్మకం దీనికి ఆధారం. నిజానికి కారును ఉంచుకోవడానికయ్యే వ్యయంలో ఇంధనం ఒక పాలు మాత్రమే. వయసుతో పాటు బండి విలువ పడిపోవడం, అంటే తరుగుదల, కొనుగోలులో నిలిచిపోయిన సొమ్ముపై వడ్డీ, బీమా, పన్ను, టైర్లు, మరమ్మతులు అన్నీ కలిస్తేనే ఒక కిలోమీటరు ప్రయాణానికి అయిన అసలు ఖర్చు తేలుతుంది. ఈ లెక్క దేశంలో ఎవరికీ తెలియనిదేమీ కాదు. పన్ను వేసే ప్రభుత్వానికి, రోడ్డు వేసే ఇంజనీరుకు, బస్సు నడిపే సంస్థకు, పాలసీ రాసే బీమా కంపెనీకి ఇది దశాబ్దాలుగా తెలిసినదే. ఇంటి పద్దులోకి మాత్రం ఇది రాలేదు. దానికి కారణం కారు యజమానుల అజాగ్రత్త కాదనీ, స్వాతంత్ర్యానంతరం కార్లు దొరికిన పద్ధతిలోనే ఆ కారణం ఉందనీ చరిత్రను చూస్తే తేలుతుంది.

భారతదేశంలో మోటారు వాహనాలకు మొదటి అఖిల భారత చట్టం 1914లో వచ్చింది. అప్పటికి కారంటే దిగుమతి సరుకు. దాన్ని కొన్న సంస్థానాధీశులకు, జమీందార్లకు, పెద్ద వ్యాపారులకు ఖర్చు లెక్క అంత అవసరమైన విషయం కాదు. లెక్క అవసరమైంది ప్రభుత్వానికి. 1920లలో మోటారు వాహనాల సంఖ్య పెరిగి, ఎడ్లబండ్ల కోసం వేసిన కంకర రోడ్లు వాటి వేగానికి, బరువుకు ఛిద్రమవుతుంటే, బాగుచేయడానికి జిల్లా బోర్డుల వద్ద డబ్బు చాలలేదు. ఈ స్థితిని పరిశీలించడానికి 1927లో ఎం.ఆర్. జయకర్ అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడి, మరుసటి ఏడాది నివేదిక ఇచ్చింది. రోడ్డును ఎంత వాడితే అంత చెల్లించాలన్నది దాని ఆలోచన. ప్రతి బండి ఎంత దూరం తిరిగిందో కొలిచే వీలు ఆనాడు లేదు గనుక, తిరిగినకొద్దీ ఖర్చయ్యే పెట్రోలునే కొలమానంగా తీసుకున్నారు. 1929లో గాలను పెట్రోలుపై 2 అణాల అదనపు సుంకం విధించి, ఆ రాబడిని రోడ్ల కోసం ప్రత్యేక నిధిగా కేటాయించారు. పెట్రోలు ధరలో రోడ్డు ఖర్చు కూడా కలిసి ఉండటం ఆనాటి నుంచే మొదలైంది. నేడు బంకులో చెల్లించే మొత్తంలో ఎక్సైజు సుంకం, సెస్సు, రాష్ట్రాల వ్యాటు పేరుతో పోయేది ఎంత ఎక్కువని విసుక్కునేవారికి ఈ మూలం చాలావరకు తెలియదు.

మద్రాసు ప్రెసిడెన్సీలో, అంటే నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా చేరి ఉన్న ప్రాంతంలో, దాదాపు అదే సమయంలో ఇంకొక ముఖ్యమైన మార్పు జరిగింది. అప్పటివరకు రోడ్ల మీద స్థానిక సంస్థల సుంకపు గేట్లు ఉండేవి. బండి ఒక తాలూకా దాటి ఇంకొక తాలూకాలోకి వెళ్లేలోగా పలుచోట్ల ఆగి చెల్లించాల్సి వచ్చేది. 1931 నాటి మద్రాసు మోటారు వాహనాల పన్ను చట్టం ఈ చిల్లర వసూళ్ల స్థానంలో వాహనంపై నేరుగా ఒక పన్ను పెట్టి, గేట్ల రాబడి కోల్పోయిన స్థానిక సంస్థలకు దానిలోంచి పరిహారం ఏర్పాటు చేసింది. యజమాని పద్దు దృష్టితో చూస్తే ఈ మార్పు చిన్నది కాదు. గేటు దగ్గర చెల్లించేది ప్రయాణంతో పెరిగే ఖర్చు. వాహన పన్ను బండి షెడ్డులో నిలిచి ఉన్నా కట్టవలసిన ఖర్చు. అర్థశాస్త్రంలో మొదటిదాన్ని చర వ్యయమనీ, రెండోదాన్ని స్థిర వ్యయమనీ అంటారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1963లో వచ్చిన మోటారు వాహనాల పన్ను చట్టం కూడా ఈ పద్ధతినే కొనసాగించింది. తరువాతి కాలంలో సొంత కార్లకు విడతల వారీ పన్ను పోయి, కొన్ననాడే ధరలో నూటికి ఇంతని ఒకేసారి కట్టే జీవితకాలపు పన్ను వచ్చేసరికి, ఆ ఖర్చు కారు ధరలో కలిసిపోయి యజమాని కంటికి కనబడకుండా పోయింది. బీమా విషయంలోనూ ఇదే జరిగింది. 1939 మోటారు వాహనాల చట్టం మూడో పక్షపు బీమాను, అంటే కారు వల్ల దారిన పోయేవారికి జరిగే నష్టానికి పూచీని, తప్పనిసరి చేసింది. ఆ అధ్యాయం 1946 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. తిరిగినా తిరగకపోయినా కట్టవలసిన పద్దులో ఇంకొక వరుస చేరింది.

ఈ పద్దును శాస్త్రంగా మలిచిన పని ముఖ్యంగా అమెరికాలో జరిగింది. అయోవా రాష్ట్ర కళాశాలలో టి.ఆర్. ఆగ్, ఆయన తరువాత రాబ్లీ విన్‌ఫ్రే వంటి ఇంజనీర్లు 1920లు, 30లలో వందలాది వాహనాల ఖర్చు లెక్కలు సేకరించి, ఇంధనం, చమురు, టైర్లు, మరమ్మతులు, తరుగుదల, వడ్డీలను వేరుచేసి మైలుకు ఇంతని తేల్చారు. వారి ఉద్దేశం కారు యజమానికి సలహా ఇవ్వడం కాదు. ఏటవాలు తగ్గించి, ఉపరితలం బాగుచేసి వేసిన రోడ్డు వల్ల వాహనదారులకు మిగిలే డబ్బు, ఆ రోడ్డు నిర్మాణ వ్యయానికి సరిపోతుందా అని చూడటం వారి లక్ష్యం. ఆ లెక్క సామాన్య యజమానికి చేరడానికి కొంత కాలం పట్టింది. అమెరికా మోటారు యజమానుల సంఘం 1950 నుంచి కారు నడిపే ఖర్చును ప్రచురించడం మొదలుపెట్టింది. ఆ ఏడు గాలను పెట్రోలు 27 సెంట్లు ఉండగా, ఏడాదికి 10,000 మైళ్లు తిరిగే కారుకు మైలుకు 9 సెంట్లు అవుతుందని అది తేల్చింది. గాలనుకు 15 మైళ్లు వచ్చే కారుకు ఆ ధరలో పెట్రోలు మైలుకు రెండు సెంట్లకు మించదు. మిగిలిన ఏడు సెంట్లు ఎటు పోతున్నాయన్న ప్రశ్న అక్కడి యజమాని ముందుకు అలా వచ్చింది.

మన దేశంలో అదే కాలానికి కిలోమీటరు లెక్క లేకపోలేదు. అది బస్సు డిపోల్లో ఉంది. హైదరాబాదు సంస్థానంలో నిజాం రైల్వే శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. రైల్వే పద్దుల క్రమశిక్షణలో పుట్టిన ఆ శాఖ వారసత్వం 1958లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు వచ్చింది. కిలోమీటరుకు రాబడి ఎంత, కిలోమీటరుకు ఖర్చు ఎంత, లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు, ఒక టైరు ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగి రీట్రెడింగుకు వచ్చింది అన్నవి డిపో మేనేజరు రోజూ చూసే అంకెలు. కె.ఎం.పి.ఎల్., అంటే లీటరుకు కిలోమీటర్లు, అన్న మాట ఆర్టీసీ డ్రైవర్ల నోట ఇంటి మాటలా వినిపించడం ఆ పద్దుల ఫలితమే. అదే డ్రైవరుకు, అదే గుమాస్తాకు సొంత కారు ఉంటే, దాని తరుగుదలను ఏ కాగితం మీదా రాసుకునేవారు కాదు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే 1950ల నుంచి 1980ల దాకా కార్ల కరువును చూడాలి.

1953లో సుంకాల కమిషను సిఫారసులను అంగీకరించిన ప్రభుత్వం, విదేశీ విడిభాగాలను తెచ్చి ఇక్కడ బిగించడం కాక, ఇక్కడే తయారుచేసే ప్రణాళిక ఉన్న సంస్థలనే అనుమతిస్తామని ప్రకటించగా జనరల్ మోటార్స్, ఫోర్డ్ దేశం నుంచి తప్పుకున్నాయి. కార్ల రంగంలో మిగిలినవి ముఖ్యంగా మూడు: కలకత్తా దగ్గర ఉత్తరపారాలో అంబాసిడర్ తయారుచేసిన హిందుస్థాన్ మోటార్స్, బొంబాయి కుర్లాలో ఫియట్ 1100ను, తరువాత పద్మినిని తయారుచేసిన ప్రీమియర్ ఆటోమొబైల్స్, మద్రాసులో హెరాల్డ్ తయారుచేసిన స్టాండర్డ్ మోటార్. 1970లంతటా ఏడాదికి దేశంలో తయారైన కార్లు 50 వేలకు లోపే. 1959లో కార్ల పంపిణీ, అమ్మకాలపై నియంత్రణ ఉత్తర్వు వచ్చి, అమ్మకపు ధరను ప్రభుత్వమే నిర్ణయించే పద్ధతి 1975 వరకు సాగింది. ధర తక్కువగా నిలిపి, సరుకు చాలనప్పుడు ఏం జరుగుతుందో అదే జరిగింది. కారు బుక్ చేసినవారు ఏళ్ల తరబడి వరుసలో వేచి ఉన్నారు. చేతికొచ్చిన కొత్త ఫియట్‌ను మరునాడే అమ్మితే కంపెనీ ధర కంటే ఎక్కువ పలికింది. రెండు మూడేళ్లు వాడిన బండి కూడా కొన్న ధరకు దగ్గరగానే పోయేది.

ఈ వ్యాసపు వాదన మొత్తానికి కీలకం ఇక్కడుంది. ప్రపంచంలో కారు పద్దులో అన్నిటికంటే పెద్ద వరుస తరుగుదల. మన దేశంలో ఒక తరం పాటు ఆ వరుస దాదాపు సున్నా. ఏళ్ల తరబడి నమూనా మారని అంబాసిడర్ పాతబడినట్టు కనిపించదు. విడిభాగాలు ప్రతి పట్టణంలో దొరుకుతాయి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఇంజను బోరింగ్ నుంచి డెంటింగ్, పెయింటింగ్ దాకా చేసి బండిని మళ్లీ నిలబెట్టే పనివారు ఉన్నారు. వీటికి తోడు రూపాయి విలువ తగ్గడం వల్ల పాత కారు ధర అంకెల్లో తగ్గకపోగా ఒక్కోసారి పెరిగేది. అప్పటి మధ్యతరగతి యజమాని కారును బంగారంలాగే ఆస్తిగా లెక్కవేశాడంటే అతని లెక్క ఆ రోజులకు సరైనదే. అతనికి నిజంగా చేతి నుంచి పోయిన డబ్బు పెట్రోలుకు, మెకానిక్‌కు మాత్రమే పోయింది. ప్రభుత్వోద్యోగి అయితే తక్కువ వడ్డీకి మోటారు కారు అడ్వాన్సు వచ్చేది గనుక వడ్డీ కూడా పెద్దగా కనబడేది కాదు. 1973 అక్టోబరు నుంచి 1974 జనవరిలోగా అంతర్జాతీయ విపణిలో ముడి చమురు పీపా 3 డాలర్ల నుంచి 12 డాలర్ల దరిదాపులకు ఎగబాకినప్పుడు, ఈ ఒక్క వరుస మీదే దృష్టి మరింత బిగుసుకుంది. 1489 సి.సి. ఇంజను అంబాసిడర్ కంటే 1089 సి.సి. ఫియట్ తక్కువ తాగుతుందన్నది ప్రతి కొనుగోలుదారు నోట వినిపించే పోలిక అయింది.

1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళం చెవిని ఇందిరా గాంధీ యజమాని చేతికి అందించేనాటికి ఈ చూపు పూర్తిగా స్థిరపడిపోయింది. ధర 50 వేల రూపాయలకు అటూ ఇటూ ఉన్న ఆ 796 సి.సి. కారు కోసం 10 వేలు చెల్లించి లక్షమందికి పైగా బుక్ చేశారు. మారుతి పద్దులో నిజంగా తెచ్చిన మార్పు రెండు దిక్కుల్లో ఉంది. లీటరుకు వచ్చే దూరం పెరిగిందన్నది అందరూ చెప్పుకున్నది. షెడ్డుకు వెళ్లే అవసరం తగ్గిందన్నది అంతకంటే పెద్దది: అంబాసిడర్ యజమానికి పరిచయమైన డీకార్బనైజింగ్, తరచూ ట్యూనింగ్, ఓవర్‌హాల్ అన్న మాటలు మారుతి యజమాని పద్దులో అరుదయ్యాయి, కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రం, నిర్ణీత కిలోమీటర్లకు సర్వీసు అన్న క్రమం వచ్చింది. అయినా మొదటి సంవత్సరాల్లో మారుతి కూడా వరుసలోనే దొరికింది, ప్రీమియంతోనే చేతులు మారింది. కనుక తరుగుదల సున్నా అన్న పాత పాఠం ఇంకొక దశాబ్దం పాటు నిజంగానే నిలిచింది.

మారుతికి ముందు, కార్ల కరువు కాలంలోనే కారు అసలు ఖర్చుపై దేశంలో జరిగిన అత్యంత గంభీరమైన పరిశోధన సామాన్య యజమానికి తెలియకుండా సాగింది. కెన్యాలో 1971–75 మధ్య, బ్రెజిల్‌లో 1975 తరువాత ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో జరిగిన అధ్యయనాల వరుసలో, ఢిల్లీలోని కేంద్రీయ రోడ్డు పరిశోధన సంస్థ 1977లో మొదలుపెట్టి 1982లో ముగించిన రోడ్డు వినియోగదారుల వ్యయ అధ్యయనం అది. లారీ, బస్సు యజమానుల పద్దులను పరిశీలించడంతో పాటు, వాహనాలకు ఇంధనం కొలిచే పరికరాలు బిగించి వివిధ వేగాల్లో, ఎత్తుల మీద, గతుకుల మీద నడిపి ఫలితాలు తీసుకున్నారు. రోడ్డు ఎగుడుదిగుడును ఒక కిలోమీటరులో ఎన్ని మిల్లీమీటర్ల కుదుపు వచ్చిందన్న కొలతతో చెబుతారు. ఆ అంకె పెరిగేకొద్దీ ఇంధనం కంటే విడిభాగాల, టైర్ల ఖర్చు ఎంతో వేగంగా పెరుగుతుందని ఇటువంటి అధ్యయనాలన్నీ చూపాయి. దీని అర్థం సూటిగా ఉంది. రోడ్డు బాగుచేయకుండా ప్రభుత్వం మిగిల్చుకున్న డబ్బు మిగులు కాదు. అది షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు, బేరింగులు, టైర్ల బిల్లులుగా మారి వాహనదారుల జేబుల్లోంచి అంతకంటే ఎక్కువగా పోతుంది. 1993లో భారత రోడ్ల కాంగ్రెసు హైవే ప్రాజెక్టుల ఆర్థిక మూల్యాంకనానికి వెలువరించిన మార్గదర్శకానికి ఈ అధ్యయనమే పునాది. నాలుగు వరుసల రహదారి వేయాలా వద్దా అన్న నిర్ణయంలో ప్రతి కారుకు కిలోమీటరుకు మిగిలే పైసలను కలిపే పద్ధతి ఇక్కడ ఆ విధంగా స్థిరపడింది. ఇంత శ్రమతో తేల్చిన అంకెలు ఇంజనీర్ల బల్లల మీదే ఉండిపోయి, వాటిని భరించే మనిషికి చేరకపోవడం విచారించదగిన విషయం.

1991 సరళీకరణ తరువాత కార్ల కరువు ముగిసింది. కొత్త కంపెనీలు వచ్చాయి, నమూనాలు రెండు మూడేళ్లకే మారసాగాయి, బ్యాంకులు కారు రుణాలు ఇవ్వడానికి పోటీపడ్డాయి. దీనితో సెకండ్ హ్యాండ్ ధర కొత్త కారు ధరను అనుసరించడం మాని వయసును అనుసరించడం మొదలైంది. తరుగుదల మళ్లీ పద్దులో మొదటి స్థానానికి వచ్చింది. కానీ యజమానులకు మిగిలిన జ్ఞానం మాత్రం కరువు నాటిది. బీమా రంగం ఈ మార్పును స్పష్టంగా కాగితం మీద పెట్టింది. 2002 నాటి మోటారు బీమా టారిఫ్‌లో వచ్చిన ఐ.డి.వి. పద్ధతి ప్రకారం, కారు పూర్తిగా నష్టమైతే కంపెనీ చెల్లించే గరిష్ఠ విలువ మొదటి ఆరు నెలల్లో కొత్త ధరపై 5 శాతం, ఏడాదిలోపు 15 శాతం, రెండో ఏట 20, మూడో ఏట 30, నాలుగో ఏట 40, ఐదో ఏట 50 శాతం తగ్గుతుంది. ప్రతి సమగ్ర బీమా పాలసీ కాగితంలోనూ ఉండే ఈ ఒక్క అంకె కారు తరుగుదలను ఏటా చేతికి అందిస్తున్నా, దాన్ని ఖర్చుగా చదివేవారు అరుదు.

ఉదాహరణకు 8 లక్షల రూపాయల కారును ఐదేళ్లు ఉంచుకుని, ఏటా 10,000 కిలోమీటర్లు తిప్పిన కుటుంబాన్ని ఊహించవచ్చు. పై పట్టిక ప్రకారం అయిదేళ్లలో పోయిన విలువ 4 లక్షలు. 50,000 కిలోమీటర్లకు పంచితే కిలోమీటరుకు 8 రూపాయలు. ఆ కాలంలో కారులో సగటున నిలిచిన 6 లక్షలపై 8 శాతం వడ్డీ ఏటా 48 వేలు. అంటే కిలోమీటరుకు 4 రూపాయల 80 పైసలు. బీమా, సర్వీసు, టైర్లకు ఏటా 40 వేలు అనుకుంటే మరో 4 రూపాయలు. లీటరు 105 రూపాయల పెట్రోలుతో 15 కిలోమీటర్లు వస్తే ఇంధనానికి 7 రూపాయలు. మొత్తం 23 రూపాయల 80 పైసల్లో పెట్రోలు వాటా మూడో వంతుకు కూడా చేరదు. ఇదే కారును టాక్సీగా ఏటా 60,000 కిలోమీటర్లు తిప్పితే బండి త్వరగా అరిగినా స్థిర వ్యయం కిలోమీటరుకు చాలా పలచబడి, ఇంధనమే ప్రధాన వ్యయమవుతుంది. కనుక ఎంత మైలేజీ ఇస్తుందన్న ప్రశ్న టాక్సీ యజమానికి పూర్తిగా సరైనది; ఆదివారాలు, పండుగ ప్రయాణాలు తప్ప పెద్దగా తిరగని ఇంటి కారుకు అది వెనుక వరుసలో ఉండవలసిన ప్రశ్న. టాక్సీ చార్జీలను నిర్ణయించేవారు ఈ తేడాను గుర్తించారు. మహారాష్ట్రలో 2012 నాటి హకీం కమిటీ చార్జీని ఒక్క ఇంధనానికే ముడిపెట్టకుండా బండి పెట్టుబడి, మరమ్మతులు, బీమా, పన్నులు, డ్రైవరు జీవన వ్యయం అన్నిటినీ కలిపిన సూత్రం ఇచ్చింది.

ఇంధనం ఒక్కటే చూసే అలవాటు ఎంత ఖరీదైనదో డీజిలు కార్ల దశాబ్దం చూపింది. 2010 జూన్‌లో పెట్రోలు ధరపై నియంత్రణ తొలగి, డీజిలుపై మాత్రం 2014 అక్టోబరు వరకు కొనసాగినందున రెండింటి మధ్య ధరల తేడా బాగా పెరిగింది. ఆ తేడాను చూసి, నెలకు కొద్ది వందల కిలోమీటర్లే తిరిగే కుటుంబాలు కూడా లక్ష దాకా ఎక్కువ పెట్టి డీజిలు కారు కొన్నాయి. 2012–13 నాటికి అమ్ముడైన ప్రయాణికుల వాహనాల్లో సగానికి పైగా డీజిలువే అయ్యాయి. ఆ అదనపు లక్ష, దానిపై వడ్డీ పెట్రోలులో మిగిలిన డబ్బుతో తీరడానికి ఎన్ని వేల కిలోమీటర్లు తిరగాలో లెక్కవేసినవారు కొద్దిమందే. 2013 జనవరి నుంచి డీజిలు ధర నెలకు 50 పైసల చొప్పున పెరిగి తేడా కరిగింది. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిలు వాహనాలు తిరగరాదని హరిత ట్రిబ్యునల్ ఆదేశించగా, 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టడంతో అక్కడి డీజిలు కారు విలువ ఒక్కసారిగా కుంగింది. అలాంటి పాత బండ్లలో కొన్ని నిరభ్యంతర పత్రాలతో దక్షిణాది రాష్ట్రాలకు తరలివచ్చాయి.

ఇటీవలి సంవత్సరాల్లో పద్దు మళ్లీ మారుతోంది. 1931లో మద్రాసు ప్రెసిడెన్సీ రోడ్ల నుంచి పోయిన సుంకపు గేట్లు జాతీయ రహదారుల మీద టోల్ ప్లాజాలుగా తిరిగి వచ్చి, 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి కావడంతో వాటి చార్జీలు చేతికి తెలియకుండానే ఖాతాలోంచి కట్ అవుతున్నాయి. అదే ఏడు జూన్‌లో హైదరాబాదులో లీటరు పెట్రోలు 100 రూపాయలు దాటింది. పదిహేనేళ్లు నిండిన కారును తిరిగి రిజిస్టరు చేయించే రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెరగడంతో పాత బండిని ఉంచుకోవడానికీ ఒక ధర ఏర్పడింది. విద్యుత్ కార్ల ప్రచారం కిలోమీటరుకు రూపాయి, రూపాయిన్నర అని ఛార్జింగ్ ఖర్చునే ముందుకు తెస్తోంది. అంటే పెట్రోలు నాటి ప్రశ్నే కరెంటు పేరుతో కొనసాగుతోంది. కారు ధరలో పెద్ద వాటా బ్యాటరీది కాగా, దానికి సాధారణంగా ఇచ్చే ఎనిమిదేళ్ల వారంటీ ముగిసినప్పుడు ఆ బండి ఏ ధర పలుకుతుందన్నదే దాని అసలు కిలోమీటరు ఖరీదును నిర్ణయిస్తుంది. ఆ ధరను చెప్పడానికి ఆటోనగర్ బ్రోకరు వద్ద గానీ, బీమా పట్టికలో గానీ చాలినంత అనుభవం ఇంకా చేరలేదు.